పాండేసరలో పరదేశి

వరంగల్లులో రాత్రివేళ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు మరునాటి మధ్యాహ్నం దాటిన తరువాత సూరత్‌లో దిగుతారు. బల్లార్షా, వార్ధా, అకోలా, భుసావల్ మీదుగా సాగి, అటుపిమ్మట తపతీ నది లోయను పట్టుకుని నడిచే ఆ మార్గం ఉధనా దగ్గర బొంబాయి - అహమ్మదాబాదు ప్రధానమార్గంలో కలుస్తుంది. ఆ కలయిక సమీపిస్తున్నదనగానే రైలుపెట్టెలో ఒక కలకలం పుడుతుంది. మూటలు క్రిందికి దిగుతాయి. దూరాన పొగగొట్టాల వరుస కనిపిస్తుంది. అలవాటైనవారు కొత్తవారికి వేలెత్తి చూపుతారు: అదే పాండేసర.

1991 వేసవిలో ఆ రైలు దిగినవారిలో పద్దెనిమిదేళ్ల పద్మశాలి యువకుడు ఒకడున్నాడు. అతని స్వగ్రామం అప్పటి నల్గొండ జిల్లాలో, ఆలేరు ప్రాంతానికి చెందిన నేతపల్లె. చేతిలో రేకుపెట్టె; అందులో రెండు జతల బట్టలు, మార్కండేయ మహర్షి పటం, తల్లి మూటకట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు. జేబులో చిరునామా వ్రాసిన కాగితం భద్రంగా ఉంది. అయితే అది తెలుగులో వ్రాసి ఉన్నది. స్టేషను వెలుపల ఇద్దరికి చూపిన తరువాత గాని ఆ కాగితం ఇక్కడ తనకు తప్ప మరెవ్వరికీ పనికిరాదన్న సంగతి అతనికి తోచలేదు.

మూడవవాడు ఆ కాగితాన్ని సంతోషంగా అందుకున్నాడు. గుండ్రని అక్షరాలు చూసి తన ఒడియా లిపే అనుకున్నాడు కాబోలు! ఒక క్షణం పరకాయించి, నవ్వి, తిరిగి ఇచ్చివేశాడు. అతడు ఒరిస్సాలోని గంజాం జిల్లావాడు. బరంపురం ప్రాంతంలో తెలుగు వినని చెవి ఉండదు గదా! "తెలుగోళ్లా బాబూ? పాండేసరకేనా? రండి, నేనూ అటే పోవాలి" అన్నాడు. ఆ మహానగరంలో ఆ యువకుని చెవిని పడిన మొదటి తెలుగుమాట ఒక ఒడియా కార్మికునిది.

అతడు ఇల్లు విడిచిన కారణం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. నూలు ధర పెరిగింది. చీర ధర పెరగలేదు. 1991లో ఆంధ్రప్రదేశ్‌లో చేనేత కార్మికుల ఆకలి చావుల వార్తలు పత్రికలకెక్కిన సంగతి ఆనాటివారికి గుర్తుండే ఉంటుంది. అతని ఇంటిలో ఆకలి చావు సంభవించలేదు. ఉన్న రెండు గుంటమగ్గాలలో ఒకటి నిలిచిపోయింది, అంతే. నిలిచిన మగ్గం ముందు కూర్చోవలసినవాడు ఎక్కడికో ఒకచోటికి పోక తప్పదు. తాతలనాడు షోలాపూరు, భివండీ పోయినవారు ఉన్నారు. తండ్రి తరంలో బొంబాయి పోయినవారు ఉన్నారు. అతని వరుసకు చిన్నాయన అయినవాడు సూరత్‌లో ఉండటంచేత అతడు సూరత్ వచ్చాడు.

సూరత్ బట్టకూ ఆ ఇంటి మగ్గం నిలిచిపోవడానికీ సంబంధమున్నదని అప్పటికి అతనికి తెలియదు. పూర్వం జరీకి, పట్టుకు ప్రసిద్ధిగాంచిన ఆ నగరం స్వాతంత్ర్యానంతరం కృత్రిమ నూలువైపు మళ్లింది. 1962లో గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడిన తరువాత పారిశ్రామికవాడలు వెలిశాయి. పాండేసర అటువంటిది. మరమగ్గాలపై నేసిన తెల్లని ముడిబట్ట ఇక్కడి మిల్లులలో ఉతుకు, రంగు, అచ్చు పూర్తిచేసుకుని, రింగ్‌రోడ్డు బజారులనుండి దేశం నలుమూలలకూ పోతుంది. 1961లో మూడు లక్షలైనా లేని నగర జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటింది. పెరిగినవారిలో అధికభాగం రైలు దిగినవారే. వారిలోనూ ఒంటరి పురుషులే హెచ్చు. 2011 జనాభా లెక్కలనాటికి కూడ నగరంలో వెయ్యిమంది పురుషులకు స్త్రీల సంఖ్య ఎనిమిది వందలకు చేరలేదు.

చిన్నాయన ఉండే ఖోలీ పదడుగుల గది. అందులో ఎనిమిదిమంది కాపురం. ఎనిమిదిమంది ఎలా పడుకుంటారన్న ప్రశ్న కొత్తవానికి సహజంగా కలుగుతుంది. ఎనిమిదిమంది ఎన్నడూ ఒకేసారి పడుకోరు. పగటి పాళీకి పోయిన నలుగురి చాపలమీద రాత్రిపాళీ చేసివచ్చిన నలుగురు నిద్రిస్తారు. చాప చల్లబడదు. సాయంకాలం ఏడుగంటలకు తలుపుదగ్గర ఇరుజట్లవారు ఎదురుపడి, "తిన్నవా?" అంటే "తిన్న" అనుకుని విడిపోతారు. ఒకే గదిలో సంవత్సరం పాటు ఉండి కూడ ఒకరి కంఠం ఒకరికి సరిగా తెలియనివారు ఉంటారని చెబితే నమ్మశక్యం కాదు. కాని పాళీలు మారే రోజున తప్ప వారికి తీరికగా మాట్లాడుకునే అవకాశమే లేదు.

మొదటి పదిహేను రోజులు ఆ యువకుడు పగలు నిద్రించడం నేర్చుకున్నాడు. రేకుకప్పు క్రింద, సూరత్ వేసవిలో, ప్రక్క గోడకు ఆవల సాంచాలు ఆడుతూండగా నిద్రించడమంటే మాటలు కాదు. ఇంటిదగ్గర మగ్గం చప్పుడుకు అతడు పుట్టినప్పటినుండి అలవాటుపడినవాడే. నాడె ఇటునుండి అటు పోయేటప్పుడు ఒక మాట, అచ్చు కొట్టేటప్పుడు ఒక మాట, నడుమ ఊపిరి తీసుకునే వ్యవధి. గుంటమగ్గం చప్పుడు మనిషి నడకవంటిది. సాంచా చప్పుడులో ఊపిరి లేదు. నూరు సాంచాలు ఆడే ఖాతాలో (మరమగ్గాల కార్ఖానాను సూరత్‌లో ఖాతా అంటారు) నోటిమాట వినపడదు. పెదవుల కదలిక, చేతి సంజ్ఞ, కనుబొమ్మ, ఇవే భాష. రెండువేళ్లు కత్తెరవలె ఆడిస్తే దారం తెగిందని అర్థం. అరచేయి బోర్లించి చూపితే సాంచా ఆపమని. బొటనవ్రేలు నోటివైపు వంచితే చాయ్. ఆ ఖాతాలో తెలుగువాడు, ఒడియావాడు, ఉత్తరప్రదేశ్ భయ్యా, ఖాందేశ్ మరాఠీవాడు ప్రక్కప్రక్కన పనిచేస్తూ ఒకరినొకరు చక్కగా అర్థం చేసుకునేవారు. బయటికి వచ్చి నోరు తెరిచినప్పుడే చిక్కు వచ్చేది.

ఆశ్చర్యమేమంటే అతనికి మొదట పట్టుబడిన గుజరాతీ మాటలలో ఒకటి కొత్తమాట కాదు. మరమగ్గాన్ని అక్కడ 'సాంచా' అనే అంటారు. సిరిసిల్లలోనూ అదే మాట. బట్ట తాను 'టాకా', జీతం 'పగార్', యజమాని 'శేఠ్', పనివాడు 'కారిగర్'. కారిగర్ అంటే కళాకుశలుడన్న అర్థం కూడ ఉన్నది. ఇంటిదగ్గర దారాన్ని లెక్కప్రకారం రబ్బరుపేలికలతో బిగించి, ముడివిప్పి, మళ్లీ బిగించి, మూడురంగులు తేల్చగలిగిన చేతులు అతనివి. ఇక్కడ ఆరు సాంచాల నడుమ అటూ ఇటూ పరుగెత్తి తెగినపోగు ముడివేయడం, కండె అయిపోతే మార్చడం, ఇంతే పని. కాని పేరుమాత్రం కారిగర్! మీటరుకు ఇన్ని పైసలని కూలి. తప్పు వచ్చిన బట్టకు కోత.

గుజరాతీ లిపి అతనికి తొందరగానే వచ్చింది. బడిలో నేర్చిన హిందీ అక్షరాలకు తలమీది గీత తీసివేస్తే సగం గుజరాతీ వచ్చినట్లేనని ఖాతాలోని గుమాస్తా చెప్పాడు. మిగిలిన సగానికి ఆరునెలలు పట్టింది. బస్సుపలక చదివి, తనంతట తాను సరైన బస్సు ఎక్కి, సరైనచోట దిగిన రోజున అతడు ఇంటికి కార్డు వ్రాశాడు. పగార్ అందిన సంగతి ఆ కార్డులో చివర ఉన్నది; బస్సు సంగతి ముందున్నది.

విదేశాలకు పోయే యువకుల కష్టాలను గురించి ఎంతో చదువుతూ ఉంటాము. లండన్‌లోనో, బెర్లిన్‌లోనో దిగిన విద్యార్థికి భాష కొత్త, తిండి కొత్త, చలి కొత్త. అయితే అతని చేతిలో పాస్‌పోర్టు ఉంటుంది, వీసా ఉంటుంది, అతడు ఫలానా రోజున వచ్చినట్లు ఏదో ఒక కార్యాలయంలో నమోదై ఉంటుంది. సూరత్‌కు వచ్చిన తెలుగు యువకుడు ఏ సరిహద్దూ దాటలేదు. స్వదేశంలోనే ఉన్నాడు. అందుచేతనే అతడు వచ్చినట్లు ఎక్కడా వ్రాతపూర్వకంగా లేదు. అతని పేరు పల్లెలోని ఓటర్ల జాబితాలో, పల్లెలోని రేషన్‌కార్డులో ఉన్నది. ఆ కార్డుకు సూరత్‌లో గింజ పుట్టదు. స్టవ్వుకు కిరసనాయిలు నల్లబజారులో కొనుక్కోవలసిందే. ఒక రాష్ట్రపు కార్డుపై మరొక రాష్ట్రంలో ధాన్యం ఇచ్చే ఏర్పాటు తొలిసారిగా 2019 ఆగస్టులో మొదలైంది. అదైనా అప్పటికి ఆంధ్రప్రదేశ్ - తెలంగాణల మధ్య, గుజరాత్ - మహారాష్ట్రల మధ్య మాత్రమే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల రక్షణకై 1979లోనే ఒక చట్టం వచ్చిన మాట నిజం. అది గుత్తేదారు ద్వారా వచ్చినవారికి వర్తించేది. చిన్నాయన చేయిపట్టుకుని వచ్చినవానికి వర్తించేది కాదు.

గుజరాతీ దినపత్రికలలో ఇటువంటివారికి ఒక పేరున్నది: పరప్రాంతీయుడు. చదవడం వచ్చిన తరువాత ఆ మాట అతని కంటబడింది. చోరీ, కొట్లాట వార్తలలో అది తరచు వచ్చేది. అతనికి అర్థం అడిగే అవసరం కలుగలేదు. సంస్కృతపదాలు తెలుగువానికి అడ్డుపడవు.

వారానికి ఒక సెలవురోజు. మొదటి ఏడు ఆ రోజున నిద్రే. రెండవ ఏట అతడు నగరం తిరిగాడు. ఒకసారి కతార్‌గామ్ దర్వాజా ప్రాంతంలో, జనసమ్మర్దం నడుమ, గుమ్మటాలతో స్తంభాలతో ఉన్న పెద్దపెద్ద కట్టడాలు చూసి నవాబుల సమాధులనుకున్నాడు. అవి ఆంగ్లేయుల గోరీలు! కొంతదూరంలో డచ్చివారివి. మొగలాయీల కాలంలో సూరత్ పడమటి తీరానికి మహాద్వారం. ఇక్కడ ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ కోఠీ 1613లో స్థిరపడింది. అంతకు రెండేళ్లముందే, 1611లో, అదే కంపెనీ మన మచిలీపట్నంలో కాలుమోపి, తెలుగుదేశపు అద్దకపు బట్టలు కొన్నది.

ఆ కోఠీలలోని జీవనం చదివితే పాండేసర ఖోలీ జ్ఞప్తికి వస్తుంది. లేతవయస్సు కుర్రవాళ్లు గుమాస్తాలుగా నెలల తరబడి ఓడలో వచ్చేవారు. అందరూ ఒకే ప్రాకారంలో నివాసం, ఒకే బల్లపై భోజనం, రాత్రికి తలుపులు మూత. ఎండ, వాన, జ్వరం వారికి పడేవి కావు. అనేకులు తిరిగి తమ దేశాన్ని చూడలేదు. వారిలో పెద్దపదవిలో మరణించినవారికి ఈ గుమ్మటాలు లేచాయి. 1659లో, 1669లో మరణించిన ఆక్సెండెన్ సోదరుల జంటగోరీ వీటిలో ప్రసిద్ధమైనది. నాలుగువందల ఏళ్లక్రితం యూరపునుండి వచ్చిన పరదేశులకు ఈ నగరం అలవాటైనట్లే, తాపీగా, విసుగుతో, దగ్గుతో, పాండేసర పరదేశులకూ అలవాటైంది. తేడా ఒకటున్నది. కోఠీలోనివారు బట్టను కొనడానికి వచ్చారు. వీరు బట్టను నేయడానికి వచ్చారు.

నగరం తనదా, పరాయిదా అన్న ప్రశ్న సాధారణంగా ఎవరికీ ఎదురుపడదు. రోజులు గడిచిపోతాయి. అతనికి మాత్రం అది 1994 సెప్టెంబరులో ముఖాముఖి ఎదురైంది. ఆ ఏటి వానలు, వరదనీరు తీసిన కొన్నాళ్లకు నగరంలో ప్లేగు వచ్చిందన్న వార్త పుట్టింది. మూడురోజులలో ఆస్పత్రులు, స్టేషను, బస్సుల అడ్డా జనసముద్రాలయ్యాయి. టెట్రాసైక్లిన్ గొట్టాలు మందుల దుకాణాలలో మాయమైనాయి. ముఖాలకు రుమాళ్లు కట్టుకుని లక్షలాది జనం నగరం విడిచారు. చివరికి లెక్కతేలిన మరణాలు యాభైకి కొంచెం పైన. కాని ఆ వారంలో లెక్క ఎవరికి తెలుసు? ఖోలీలోని ఎనిమిదిమందీ మొట్టమొదటిసారిగా ఒకేసారి మేలుకుని, ఒకేసారి తాళంవేసి, ఒకే రైలెక్కారు.

ఆలేరులో దిగినప్పుడు వారు పడిన ఊరట కొద్దిసేపే నిలిచింది. పల్లె పొలిమేరలో నలుగురు పెద్దలు కాచుకుని ఉన్నారు. వారు కఠినులు కారు. "పది దినాలు బాయికాడ కొట్టంల ఉండుర్రి బిడ్డా. బువ్వ ఆడికే పంపుతం" అన్నారు. చుట్టపువరుసలు కలిపే చెప్పారు; కాని పదిగజాల దూరంనుండి చెప్పారు. తల్లి గట్టుపై గిన్నె ఉంచి, వెనుకకు జరిగి, కొడుకు తింటూ ఉంటే చూస్తూ నిలబడేది. సూరత్ పత్రికలలో అతడు పరప్రాంతీయుడు. ఇక్కడ 'సూరతోడు'. పదిరోజులు బావిగట్టున కూర్చుని అతడేమి ఆలోచించాడో ఎవరికీ చెప్పలేదు. పదకొండవరోజున ఇంటికి వెళ్లేసరికి నిలిచిపోయిన మగ్గం తాలూకు గుంట పూడ్చివేసి, దానిపై వడ్లబస్తాలు పేర్చి ఉన్నాయి. తప్పేమీ లేదు. జాగా ఊరకుండనేల?

దీపావళి వెళ్లిన తరువాత అతడు తిరిగి సూరత్ చేరాడు. ఎనిమిదిమందిలో ఆరుగురు వచ్చారు. (ఇరవైఆరేళ్ల తరువాత, 2020లో, కథ తలక్రిందులైంది. కరోనా కాలంలో రైళ్లు ఆగిపోయాయి. ఇంటికి పంపమని కార్మికులు సూరత్ వీధులలోకి వచ్చారు. ప్లేగునాడు పోనిచ్చిన నగరం ఆనాడు పోనివ్వలేకపోయింది.) 1995లో మునిసిపల్ కమిషనరుగా ఎస్.ఆర్. రావు వచ్చారు. అధికారులు గదులు విడిచి ప్రతిదినం వీధులలో ఉండాలన్నది ఆయన పెట్టిన నియమం. రాత్రిపూట వీధులు ఊడ్పించడం, అక్రమ కట్టడాలు కూల్చడం, ఫలహారశాలలకు జరిమానాలు వేయడం చూసి నగరం విస్తుపోయింది. రెండేళ్లు తిరిగేసరికి దేశంలోని శుభ్రమైన నగరాలలో సూరత్ ఒకటిగా పేరుపొందింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమస్థానం పంచుకున్నది. అయినా పాండేసర మాట వేరు. అక్కడ ఖాడీ అని పిలిచే మురుగువాగు మిల్లుల రంగునుబట్టి ఆ ఏళ్లలో ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేది. ఏ రంగు ఈ సంవత్సరం అమ్ముడుపోతున్నదో దుకాణదారుకంటె ముందుగా ఖాడీప్రక్క గుడిసెవాసులకు తెలిసేది.

1995లో అతనికి పెళ్లయింది. భార్య వచ్చిన తరువాత ఖోలీ ఇల్లయింది. నలుగురికోసం తీసిన చాపలు పోయి గుమ్మంలో ముగ్గు వచ్చింది. ఆమె అతనికంటె చురుకుగా గుజరాతీ మాట్లాడింది. కూరగాయల బండివానితో, నీళ్లకొళాయి దగ్గర, ప్రక్కింటి సౌరాష్ట్ర బామ్మతో ఆమెకు రోజూ పని. ఖాతాలో సంజ్ఞలతో గడిపేవానికి ఆ అవసరం ఎక్కడిది? ఒక చలికాలం ఆ బామ్మ కాగితపు పొట్లంలో ఏదో తెచ్చి పెట్టింది. 'పోంక్' అన్నది. సూరత్‌వాసులు ఏడాదిపొడుగునా ఎదురుచూసే పదార్థం. విప్పి చూసి ఆమె పకపక నవ్వింది. పాలకంకులు కాల్చి దులిపిన లేత జొన్నలు! తెలంగాణ పల్లెలలో ఊచబియ్యమంటారే, అవే. అక్కడ చేనుగట్టున ఉచితంగా తినేదాన్ని ఇక్కడ తూచి అమ్ముతున్నారని తెలిసి ఆమె మరింత నవ్వింది.

నవరాత్రులలో గుజరాతీ స్త్రీలు దీపమున్న మట్టికుండ చుట్టూ తిరుగుతూ గర్బా ఆడతారు. ఆ రోజులలోనే తెలంగాణ స్త్రీలు పూలరాశి చుట్టూ తిరుగుతూ బతుకమ్మ ఆడతారు. పాండేసరలో ఇవి రెండూ ఒకే సందులో, ఒక్కొక్కసారి ఒకే విద్యుద్దీపం క్రింద జరిగేవి. బజారులో తంగేడు దొరకలేదు, గునుగు లేదు. బంతిపూలతోనే బతుకమ్మ పేర్చారు. మొదటిరోజు ఇరువైపులవారూ ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు. తరువాత కోలాటం కర్రలు కొన్ని అటు, చప్పట్లు కొన్ని ఇటు మారాయి. దీన్ని జాతీయ సమైక్యత అని వర్ణించడం ఉపన్యాసకులకు ఇష్టం. ఆ సందులోనివారు అంత దూరం ఆలోచించినట్లు లేదు. చుట్టూ తిరిగే ఆట చుట్టూ తిరిగే ఆటే. చేరవలెనని బుద్ధిపుట్టింది, చేరారు.

1996లో కుమారుడు పుట్టాడు. బడి ఈడు వచ్చినప్పుడు ఇంటిలో కొంత చర్చ జరిగింది. సూరత్ మునిసిపాలిటీ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. గుజరాత్‌లోని ఒక నగరపాలక సంస్థ తెలుగుబడి నడుపుతున్నదంటే తెలుగుదేశంలో చాలామంది నమ్మరు! తెలుగుబడిలో చేర్చితే పిల్లవాడు తాతకు ఉత్తరం వ్రాయగలడు. గుజరాతీ బడిలో చేర్చితే రేపు ఇక్కడ గుమాస్తా కాగలడు. భార్య గుజరాతీబడి అన్నది. అతడు తెలుగుబడి అన్నాడు. సూరత్ బస్సులో తెలుగు చిరునామా పట్టుకుని నిలబడ్డ సంగతి ఆమె గుర్తుచేసింది. అతడు నవ్వి ఊరకున్నాడు. అయినా పిల్లవానిని తెలుగుబడికే తీసుకుపోయాడు. అది సరైన నిర్ణయమా కాదా అన్నది ఆ ఇంటిలో చాలాకాలం తేలలేదు.

2002లో దీపావళి సెలవులకు ముగ్గురూ పల్లెకు బయలుదేరారు. దీపావళి మరునాడు గుజరాతీలకు సంవత్సరాది. ఆ రోజులలో ఖాతాలు మూతపడి, పరదేశులందరూ రైళ్లు పట్టుకుంటారు. శేఠ్ ఇచ్చిన మిఠాయిపెట్టె, కొడుకుకు కొత్తబట్టలు, తల్లికి ఒక చీర. ఆ చీర పాత ఖోలీ మిత్రుడొకడు ఇచ్చాడు. అతడు అచ్చుమిల్లులో పనివాడు. "మీ ఊరి నమూనా, చూడు" అని నవ్వుతూ ఇచ్చాడు. నిజమే. మెట్లుమెట్లుగా చిన్నదై పెద్దదయ్యే వజ్రపు కట్టు, అంచున ఏనుగుల వరుస. పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు చుట్టుప్రక్కల తరతరాలుగా వస్తున్న కట్టు. దారం నేతకెక్కకముందే రంగు నిర్ణయం కావడంచేత, నేసినప్పుడు అంచులు ఒకింత తడబడి, నీటిలో నీడవలె వణుకుతాయి. అచ్చుమిల్లువారు ఆ వణుకును కూడ అచ్చు వేశారు! పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లో గాని రాలేదు. వచ్చిన తరువాత కూడ అటువంటి అచ్చుచీరలు ఆగలేదన్నది వేరే మాట.

అప్పుడతనికి తెలిసిరాలేదని కాదు. పదకొండేళ్లు ఆ నగరంలో ఉన్నవాడు. తాను నేసిన తెల్లని ముడిబట్ట ఎక్కడికి పోతుందో, ఏమై తిరిగి ఎక్కడికి వస్తుందో తెలుసు. అయినా చీర బాగుంది, తేలికగా ఉంది. పెట్టెలో పెట్టాడు.

ఇంటివద్ద తాత మనుమణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని, "మనదే ఊరు బిడ్డా?" అని అడిగాడు. పిల్లవాడు స్పష్టమైన తెలుగులో, "పాండేసర" అన్నాడు. అందరూ నవ్వారు. తాత కూడ నవ్వాడు. మళ్లీ అడగలేదు.

మిగిలిన ఒక్క మగ్గం అప్పటికింకా ఆడుతున్నది. తల్లి ఆసు పోస్తూనే ఉన్నది. ఆసు పోయడమంటే తెలియనివారికి చెప్పాలి: ఒక్క చీరకు కావలసిన నూలును మేకుల చుట్టూ త్రిప్పడానికి చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ ప్రాంతానికే చెందిన చింతకింది మల్లేశం తల్లి బాధ చూడలేక ఆసుయంత్రాన్ని తయారుచేసింది 1999లో. అది ఈ ఇంటికి ఇంకా రాలేదు. ఆమె కుడిభుజం పైకి లేవదు. చీర విప్పి, ఎడమచేత్తో భుజంపై వేసుకుని చూసుకున్నది.

"నువ్వు నేసిందేనా?" అన్నది.

"ఎవలు నేసిన్రో ఎట్ల తెలుస్తదమ్మా! ఆడ వేల సాంచాలుంటయి."

"మంచిగున్నది. తేలికున్నది. ఉతికితే గడియల ఆరుతదట గదా" అన్నది ఆమె. మరునాడు పండుగపూట దాన్నే కట్టుకున్నది. ఇరుగుపొరుగువారు వచ్చి ధర అడిగారు. విని, ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

తండ్రి మగ్గంలోనుండి లేచివచ్చాడు. కొంగు చివర పట్టుకుని, వెలుతురువైపు చూసి, తిరగేశాడు. కట్టునేతలో ముఖం, వీపు ఒక్కటిగానే ఉంటాయి. రెండువైపులా ఒకే రంగు, ఒకే వజ్రం. ఈ చీర వీపున వజ్రాలు వెలిసిపోయినట్లు, పాలిపోయి ఉన్నాయి. ఏనుగులకు కళ్లు లేవు. అతడు బొటనవ్రేలితో ఒకసారి రుద్దిచూశాడు. కొడుకువైపు చూడలేదు. కొంగును మళ్లీ ముఖంవైపుకు త్రిప్పి, ముడత సవరించి, భార్య భుజంపై వేసి, "అన్నం పెట్టు, పిలగాడు ఆకలిగొన్నడు" అన్నాడు.